పేగు జీవవిషాలు, కణాల అతుకు జన్యువులు

మనిషి పేగు లోపలి గోడ మందం ఒక్క కణం. అటువైపు తిన్న తిండి, తాగిన నీళ్ళు, లెక్కకు అందనన్ని బాక్టీరియాలు; ఇటువైపు నెత్తురు. మధ్యనున్న ఈ ఒంటివరస కణాలను ఒకదానితో ఒకటి బిగించి పట్టే ప్రోటీన్లు ఏ జన్యువుల వల్ల తయారవుతాయో వాటిని అతుకు జన్యువులు అనవచ్చు. పాఠ్యపుస్తకాల భాషలో అయితే కణ ఆసంజక జన్యువులు. క్లాడిన్లు, క్యాడ్‌హెరిన్లు, నెక్టిన్లు వీటిలో ముఖ్యమైన కుటుంబాలు. పేగును బాధించే బాక్టీరియాలు వదిలే జీవవిషాల్లో చాలావాటి దారి ఈ ప్రోటీన్ల మీదుగానే సాగుతుంది. ఒక విషం అతుకును కోస్తుంది. ఇంకొకటి అతుకు ప్రోటీను మీద వాలి అక్కడే కణానికి చిల్లు పెడుతుంది. మరొకటి అతుకు జోలికి పోకుండా, దాన్ని లోపలినుంచి లాగి పట్టి ఉంచే తాళ్ళను తెంపుతుంది.

ఈ పరిశోధనలో బాక్టీరియా శాస్త్రమూ కణశాస్త్రమూ ఒకదానికొకటి బాకీపడ్డాయి. మన ఏడో క్రోమోజోము మీదున్న సీఎల్‌డీఎన్4 అనే జన్యువుకు తొలిరోజుల్లో ఉన్న పేరు సీపీఈటీఆర్1. విడదీసి చదివితే 'క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ ఆంత్రవిష గ్రాహకం 1' అని అర్థం. పేగు గోడను కాపాడే జన్యువుకు, ఆ గోడను కూల్చే విషం పేరు పెట్టారన్నమాట. అప్పటికి ఆ జన్యువు గురించి తెలిసిన సంగతి అదొక్కటే మరి.

గోడ కట్టుబడి

పేగు ఉపకళ కణాలు మూడు నుంచి అయిదు రోజుల్లో రాలిపోయి, వాటి చోట కొత్తవి వస్తాయి. అంటే ఈ గోడ ఎప్పుడూ కూలుతూ, ఎప్పుడూ లేస్తూ ఉంటుంది. అయినా నీరు కారదు. కారకపోవడానికి కారణమైన అతుకులను 1963లో మారిలిన్ ఫార్కర్, జార్జ్ పలాడే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసి, పైనుంచి కిందికి మూడు రకాలుగా వర్ణించారు. పేగు కుహరానికి దగ్గరగా అన్నిటికన్నా పైన దృఢ సంధి. దాని కింద ఆసంజక సంధి. ఆ కింద అక్కడక్కడ గుండీల్లా డెస్మోసోములు.

దృఢ సంధి పని దారి మూయడం. దీన్ని ఏ ప్రోటీను కడుతుందో చాలాకాలం తేలలేదు. జపాన్‌లో షోయిచిరో సుకిటా బృందం 1993లో ఆక్లూడిన్‌ను పట్టుకుంది. అది లేకపోయినా సంధి ఏర్పడుతోందని తర్వాత బయటపడింది. 1998లో అదే బృందంలోని మికియో ఫురుసే కోడి కాలేయం నుంచి మరో రెండు ప్రోటీన్లను వేరుచేశాడు. మూయడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వాటికి క్లాడిన్లని పేరు పెట్టారు. క్షీరదాల్లో ఈ కుటుంబానికి సుమారు 27 మంది సభ్యులున్నారు. అందరూ ఒకే పని చేయరు. క్లాడిన్-2 అయితే సోడియం వంటి ధనావేశ అయాన్లకు సన్నని దారి వదులుతుంది. 'దృఢ' అన్న మాటను మరీ అక్షరాలా తీసుకోకూడదు. పేగు పూర్తిగా మూసుకుంటే తిన్నది ఒంటబట్టదు కదా.

ఆసంజక సంధి పని పట్టి ఉంచడం. ఇందులో పెద్ద దిక్కు ఈ-క్యాడ్‌హెరిన్. 16వ క్రోమోజోము మీది సీడీహెచ్1 జన్యువు దీని మూలం. కాల్షియం ఉంటేనే పట్టు ఉంటుంది. కాల్షియం తీసేస్తే పట్టు జారుతుంది. ఈ సంగతిని తేల్చినవాడు కూడా జపాన్‌వాడే, క్యోటోలో పనిచేసిన మసతోషి తాకెయిచి. ఈ-క్యాడ్‌హెరిన్ తోక కణం లోపల బీటా-కెటెనిన్ అనే ప్రోటీనును కట్టి ఉంచుతుంది. ఆ కట్టు విప్పితే బీటా-కెటెనిన్ కేంద్రకంలోకి పోయి కణవిభజన జన్యువులను నిద్రలేపగలదు. ఈ ఒక్క సంగతి వల్లే పేగు విషాల పరిశోధన కేన్సర్ పరిశోధన దాకా వెళ్ళింది. 1998లో న్యూజీలాండ్‌కు చెందిన మావోరీ కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం జీర్ణాశయ కేన్సర్‌కు సీడీహెచ్1లోని ఉత్పరివర్తనాలే కారణమని తేలింది.

ప్రయోగశాలలో గోడ

బతికున్న మనిషి పేగులో విషం పోసి చూడలేరు. అందుకని ఈ రంగమంతా ఎక్కువగా కొన్ని కణ వంశాల మీద నడిచింది. పెద్దపేగు కేన్సర్ కణితి నుంచి వచ్చిన కాకో-2 కణాలను సన్నని పొర మీద మూడు వారాలు పెంచితే అవి చిన్నపేగు కణాల రూపం తెచ్చుకుని, వరసగా అతుక్కుని, చిన్న గోడ కడతాయి. పైన ఒక గిన్నె, కింద ఒక గిన్నె, నడుమ గోడ. రెండు గిన్నెల్లోనూ ఎలక్ట్రోడు ముంచి విద్యుత్ నిరోధం కొలుస్తారు. గోడ బిగువుగా ఉంటే నిరోధం ఎక్కువ, సందు పడితే తగ్గుతుంది. మెరిసే రంగు కట్టిన డెక్స్‌ట్రాన్ అణువులను పైన పోసి, కిందికి ఎంత దిగిందో చూడడం ఇంకో పద్ధతి. టీ84, హెచ్‌టీ-29 అనే మనిషి పెద్దపేగు కణాలూ, కుక్క మూత్రపిండం నుంచి వచ్చిన ఎండీసీకే కణాలూ ఇలాగే వాడుకలో ఉన్నాయి. 2009లో తోషిరో సాతో, హాన్స్ క్లెవర్స్ పేగు మూలకణాల నుంచి చిన్న చిన్న పేగు బుడగలను పెంచే పద్ధతిని చూపాక, కేన్సర్ కణాల మీద ఆధారపడాల్సిన అవసరం కొంత తగ్గింది.

విద్యుత్ నిరోధం పడిపోయిందంటే అతుకు విడిందని వెంటనే రాసేయడం ఈ రంగంలో తరచు కనిపించే తొందరపాటు. కణం చచ్చినా నిరోధం పడిపోతుంది. కణం బతికి ఉండి అతుకు మాత్రమే విడిందా అన్నది విడిగా చూపాలి.

గోడ కట్టని కణమూ అంతే ముఖ్యం. 1940లలో అమెరికాలో విల్టన్ ఎర్ల్ చిట్టెలుక నుంచి వేరుచేసి పెంచిన ఎల్ కణాలు ఫైబ్రోబ్లాస్టులు. వాటికి ఈ-క్యాడ్‌హెరిన్ లేదు, క్లాడిన్ సంధులు లేవు. పక్క కణంతో పొత్తు లేకుండా విడివిడిగా బతుకుతాయి. 1987లో తాకెయిచి బృందం ఈ కణాల్లో ఈ-క్యాడ్‌హెరిన్ జన్యువు పెట్టగానే అవి గుంపు కట్టాయి. 1998లో ఫురుసే క్లాడిన్ జన్యువు పెట్టగానే వాటి మధ్య సంధి దారాలు అల్లుకున్నాయి. ఈ రెండింటి మధ్య, 1997లో, మరో జపాన్ బృందం ఇవే కణాలను విషం వేటకు వాడుకుంది. ఏమీ లేని కణం కాబట్టే దానిలో ఏది పెడితే ఏమవుతుందో స్పష్టంగా కనబడుతుంది.

ఒక అణువును విషానికి గ్రాహకమని ఒప్పుకోవాలంటే మామూలుగా అడిగేవి ఇవి: జన్యువు తీసేస్తే కణం విషాన్ని తట్టుకోవాలి, తిరిగి పెడితే చావాలి, శుద్ధిచేసిన ప్రోటీనూ విషమూ నేరుగా అంటుకోవాలి, చివరికి జంతువులోనో మనిషి కణజాలంలోనో అదే జరగాలి. మొదటి మూడూ సాధించినవి చాలా ఉన్నాయి. నాలుగోదాని దగ్గరే బండి ఆగుతుంది.

పెళ్ళి భోజనం, క్లాడిన్-4

పెద్ద గుండిగలో వండిన మాంసం కూర, పులుసు వంటివి మెల్లగా చల్లారేచోట క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ పెరుగుతుంది. వంట వేడికి మిగతా సూక్ష్మజీవులు చచ్చినా దీని సిద్ధబీజాలు మిగులుతాయి. గుండిగ లోపలి భాగం గోరువెచ్చగా, గాలాడకుండా ఉంటే దానికి పండగే. 45 డిగ్రీల సెల్సియస్ దాపుల్లో పది నిమిషాలకొకసారి రెట్టింపు కాగలదు. రాత్రి వండింది పొద్దున సరిగా మరగకాచకుండా వడ్డించిన విందుల తర్వాత ఊరంతా కడుపు పట్టుకోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. తిన్న 6 నుంచి 24 గంటల్లోపు కడుపునొప్పి, విరేచనాలు మొదలవుతాయి. చాలామందికి ఒక రోజులో తగ్గిపోతాయి.

ఈ బాధకు కారణం సీపీఈ అని పిలిచే ఆంత్రవిషం. 319 అమినో ఆమ్లాల గొలుసు. బాక్టీరియా దీన్ని బతికుండగా బయటికి వదలదు. పేగులో సిద్ధబీజం కట్టేటప్పుడు లోపల కూడబెట్టి, చివరికి తల్లికణం పగిలినప్పుడు ఒక్కసారిగా వదిలిపెడుతుంది.

కటహిరా, ఆయన సహచరులు 1997లో చేసిన పని ఇది. ఆఫ్రికా కోతి మూత్రపిండం నుంచి వచ్చిన వేరో కణాలను సీపీఈ చంపుతుంది. ఎల్ కణాల శాఖ అయిన ఎల్929ను ఏమీ చేయలేదు. వేరో కణాల జన్యు ప్రతులను ఎల్929 కణాల్లోకి పంచిపెట్టి, వాటిలో ఏది విషాన్ని పట్టుకుంటుందో వెతికారు. దొరికిన జన్యువు 209 అమినో ఆమ్లాల ప్రోటీనును తయారుచేస్తుంది. కణత్వచంలో నాలుగుసార్లు దూరి బయటికి వస్తుంది. దాని పని ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. పోలికకు దొరికినవి కూడా ఎలుక ప్రోస్టేటులోనూ చిట్టెలుక మెదడులోనూ కనబడిన, పని తెలియని ప్రోటీన్లే. విషం పట్టుకునేది కాబట్టి విష గ్రాహకం అన్నారు.

మరుసటి ఏడు క్లాడిన్లు వచ్చాయి. 1999లో మొరిటా, ఫురుసే, సుకిటా క్లాడిన్ కుటుంబాన్ని విస్తరించి చూస్తే ఆ విష గ్రాహకం క్లాడిన్-4 అయింది. ఎలుక ప్రోస్టేటు ప్రోటీను క్లాడిన్-3 అయింది. మెదడు ప్రోటీను ఆ తర్వాత క్లాడిన్-11 అయింది. రెండు దారుల్లో వస్తున్నవాళ్ళు ఒకే ఇంటి గుమ్మం దగ్గర కలుసుకున్నారు. ఒకరు ఆ ఇంటికి దొంగ పేరు పెట్టారు, ఇంకొకరు తలుపు పేరు పెట్టారు. నిలిచింది తలుపు పేరే.

అదే సంవత్సరం సోనోడా బృందం ఇంకో అడుగు వేసింది. సీపీఈలో తోక భాగం క్లాడిన్‌ను పట్టుకుంటుంది, తల భాగం చిల్లు పెడుతుంది. తల నరికేసి తోకను మాత్రమే ఎండీసీకే కణాలకు కింది గిన్నె వైపునుంచి ఇచ్చారు. కణాలు చావలేదు. కానీ సంధి నుంచి క్లాడిన్-4 మాయమైంది, విద్యుత్ నిరోధం పడిపోయింది. విషం పట్టుకోని క్లాడిన్-1 ఉన్నచోటే ఉంది. దృఢ సంధి బిగువుకు క్లాడిన్లే ఆధారమని చూపిన తొలి రుజువుల్లో ఇదొకటి. చిల్లు పెట్టే శక్తి తీసేసిన విషం మంచి పనిముట్టు అయింది. ఇప్పటికీ ప్రయోగశాలల్లో క్లాడిన్‌ను సంధి నుంచి తొలగించాలంటే ఈ తోక ముక్కనే వాడతారు.

పూర్తి విషం పని వేరు. క్లాడిన్ మీద వాలిన ఆరు విష అణువులు ఒకచోట చేరి, త్వచంలోకి దిగే రంధ్రం కడతాయి. దానిగుండా కాల్షియం వరదలా లోపలికి వస్తుంది. కొంచెమే వస్తే కణం పద్ధతి ప్రకారం ఆత్మహత్య చేసుకుంటుంది. ఎక్కువ వస్తే ఉబ్బి పగిలిపోతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సంధిలో బిగుసుకుపోయిన క్లాడిన్ విషానికి సులువుగా అందదు. సంధి బయట, కణం పక్కల్లో విడిగా తిరిగే క్లాడిన్లే ముందు చిక్కుతాయి. అంటే గోడ అతుకు మీద నేరుగా దెబ్బ పడుతోందన్న బొమ్మ కొంత దిద్దుకోవాలి. ఈ విషానికి క్లాడిన్ ముందుగా కాలుపెట్టే మెట్టు. అతుకు విడిపోవడం ఆ తర్వాతి మాట.

క్లాడిన్-4ను పట్టుకుని, క్లాడిన్-1ను వదిలేయడం ఎందుకు? పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌క్లేన్ ప్రయోగశాల దీనికి బదులు వెతికింది. క్లాడిన్ బయటి రెండో మడతలో 149వ స్థానంలో ఆస్పరాజిన్ ఉంటే పట్టు దొరుకుతుంది. క్లాడిన్-1లో అదే చోట ఆస్పార్టిక్ ఆమ్లం ఉంది. దాన్ని ఆస్పరాజిన్‌గా మార్చితే, అంతవరకూ విషం అంటని క్లాడిన్-1 కూడా గ్రాహకమైపోయింది.

మనుషుల్లో క్లాడిన్-3, క్లాడిన్-4 జన్యువులు రెండూ ఏడో క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి. విలియమ్స్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళలో ఆ ముక్క ఒక ప్రతిలో ఊడిపోయి ఉంటుంది. అండాశయ, క్లోమ కేన్సర్లలో ఈ రెండు ప్రోటీన్లూ మామూలు కన్నా ఎక్కువగా తయారవుతాయి. ఆ కణితుల మీద సీపీఈని ప్రయోగిస్తే ఎలా ఉంటుందని చిట్టెలుకల్లో చూశారు, కణితులు తగ్గాయి. కానీ ఆరోగ్యమైన పేగులో, మరికొన్ని అవయవాల్లో కూడా అవే క్లాడిన్లు ఉన్నాయి. మందుగా మారడానికి అడ్డంకి అదే.

ఇంటిదొంగ

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అలాంటిది. మన పెద్దపేగులో సహజంగా ఉండే బాక్టీరియా. వీటిలో కొన్నింటికే ఒక విషం తయారుచేసే జన్యువు ఉంటుంది. 1984లో అమెరికాలోని మోంటానాలో లైల్ మయర్స్ బృందం విరేచనాలతో బాధపడుతున్న గొర్రెపిల్లల్లో ఈ రకాన్ని గుర్తించింది. తర్వాత మనుషుల్లోనూ దొరికింది, ఏ జబ్బూ లేనివాళ్ళలో సహా.

విషాన్ని బీఎఫ్‌టీ అంటారు. సుమారు 20 కిలోడాల్టన్ల చిన్న ఎంజైము, పనిచేయడానికి జింకు కావాలి. హెచ్‌టీ-29 కణాల మీద వేస్తే కొన్ని గంటల్లో అవి గుండ్రంగా ముడుచుకుని ఒకదానికొకటి దూరమవుతాయి. చావవు. ఆ వింత రూపాన్నే చాలాకాలం విషాన్ని కనిపెట్టే పరీక్షగా వాడారు. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో సింథియా సియర్స్ బృందం 1998లో అసలు సంగతి తేల్చింది. కణాల నుంచి ఈ-క్యాడ్‌హెరిన్ పోతోంది. మొదట దాని బయటి భాగం తెగుతుంది. ఆ మెట్టుకు కణం శక్తి ఖర్చు కానక్కర్లేదు. లోపలి భాగం కరిగిపోవడానికి మాత్రం కణం సొంత యంత్రాంగం కావాలి. 2007 నాటికి ఆ రెండో మెట్టులో గామా-సెక్రిటేజ్ అనే కణపు ఎంజైము పాత్ర బయటపడింది. కత్తి పెట్టింది బాక్టీరియా, మిగిలిన మొండేన్ని తొలగించింది మన కణమే.

ఆ మొండేనికి కట్టి ఉన్న బీటా-కెటెనిన్ విడుదలై కేంద్రకంలోకి పోతుందని, సీ-మిక్ అనే కణవిభజన జన్యువు మేలుకుంటుందని 2003లో చూపారు. కేన్సర్ వైపు చూపు మళ్ళింది ఇక్కడినుంచే. 2009లో పేగు కణితులు రావడానికి ముందే సిద్ధంగా ఉన్న ఒక చిట్టెలుక వంశంలో ఈ బాక్టీరియాను పెడితే పెద్దపేగులో కణితులు త్వరగా, ఎక్కువగా వచ్చాయి. అయితే అందులో పెద్ద పాత్ర ఈ-క్యాడ్‌హెరిన్ కోతది ఒక్కటే కాదని, టీహెచ్17 అనే రోగనిరోధక కణాలు రేపిన వాపుదని కూడా అదే పనిలో తేలింది. 2018లో వంశపారంపర్యంగా పేగు నిండా పిలకలు వచ్చే జబ్బున్నవారి పెద్దపేగు పొరలో ఈ బాక్టీరియా, డీఎన్ఏను గాయపరిచే ఒక రకం ఈ. కోలి, కలిసి పేరుకుని ఉండడం కనిపించింది. దీన్నిబట్టి మనిషి పెద్దపేగు కేన్సర్‌కు బీఎఫ్‌టీయే కారణమని రాసేసిన వ్యాసాలు లేకపోలేదు. తోడు కనబడడం వేరు, కారణం అవడం వేరు. ఇప్పటికి గట్టిగా నిలిచింది మొదటిదే.

పదహారో స్థానం

లిస్టీరియా మోనోసైటోజెనిస్ పాలు, మెత్తని జున్ను, చల్లగా నిల్వ ఉంచిన మాంసం ద్వారా కడుపులోకి వస్తుంది. గర్భిణులకు, వృద్ధులకు ప్రమాదకరం. ఇది పేగు గోడ దాటడానికి వాడే ఇంటర్నలిన్ నిజానికి విషం కాదు, బాక్టీరియా ఒంటి మీద అంటుకుని ఉండే ప్రోటీను. అయినా అతుకు జన్యువుల కథలో దీన్ని వదిలేస్తే అసలు పాఠం తప్పిపోతుంది.

1996లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పాస్కల్ కొసార్ బృందం, ఇంటర్నలిన్ అతికించిన జల్లెడలో కాకో-2 కణాల సారాన్ని పోసి, ఏది చిక్కుతుందో చూసింది. చిక్కింది ఈ-క్యాడ్‌హెరిన్. పక్క కణాన్ని పట్టుకోవాల్సిన చేతిని బాక్టీరియా పట్టుకుని లోపలికి వస్తోంది. బాగానే ఉంది. కానీ చిట్టెలుకలకు నోటిద్వారా లిస్టీరియా ఇస్తే, ఇంటర్నలిన్ ఉన్న రకానికీ లేని రకానికీ తేడా కనబడలేదు. మరి ఇంటర్నలిన్‌తో పనేమిటి?

జవాబు 1999లో మార్క్ లెక్యుయి, కొసార్ ఇచ్చారు. ఈ-క్యాడ్‌హెరిన్ గొలుసులో 16వ స్థానంలో మనిషికి ప్రోలిన్ ఉంది. చిట్టెలుకకు, ఎలుకకు గ్లుటామిక్ ఆమ్లం ఉంది. చిట్టెలుక ప్రోటీనులో ఆ ఒక్కదాన్ని ప్రోలిన్ చేస్తే ఇంటర్నలిన్ పట్టుకుంది. మనిషి ప్రోటీనులో గ్లుటామిక్ ఆమ్లం పెడితే వదిలేసింది. గినీపందికి, కుందేలుకు మనలాగే ప్రోలిన్ ఉంది. 2001లో పేగు కణాల్లో మనిషి ఈ-క్యాడ్‌హెరిన్ తయారయ్యే చిట్టెలుకలను సృష్టించి నోటిద్వారా లిస్టీరియా ఇస్తే, ఇంటర్నలిన్ ఉన్నదే లోపలికి వెళ్ళింది. చిట్టెలుక పేగు మీద అంతకుముందు చేసిన ప్రయోగాలన్నీ తాళం లేని తలుపు ముందు తాళంచెవిని పరీక్షించినట్టే అయ్యాయి.

ఇంకో చిక్కు మిగిలింది. ఈ-క్యాడ్‌హెరిన్ దృఢ సంధికి కింద ఉంటుంది, పేగు కుహరం నుంచి అందదు. మరి బాక్టీరియా దాన్ని ఎలా తాకుతుంది? ఆయువు తీరిన కణాలు ఆంత్ర చూషకాల కొసల నుంచి రాలిపోయేచోట క్షణకాలం సందు పడుతుందని, అక్కడ దొరుకుతుందని 2006లో చూపారు. జిగురు వదిలే గోబ్లెట్ కణాల చుట్టూ కూడా ఆ ప్రోటీను పైకి తొంగిచూస్తుందని 2011లో తేలింది. గోడ ఎప్పుడూ కూలుతూ లేస్తూ ఉంటుందని మొదట చెప్పుకున్నది ఇందుకే.

బోటులినం విషానికి ఈ-క్యాడ్‌హెరిన్‌తో ఉన్న పని ఇంకా చిత్రం. అసలు విషం పనిచేసేది నాడుల మీద, కానీ దాని ప్రయాణం పేగు దగ్గర మొదలవుతుంది. ఏ-రకం విషం 14 ప్రోటీను ముక్కలతో 760 కిలోడాల్టన్ల భారీ కట్టగా వస్తుంది. ఆ కట్టలో హీమాగ్లుటినిన్ అనే భాగం నేరుగా ఈ-క్యాడ్‌హెరిన్‌ను పట్టుకుని పక్క కణంతో దాని పట్టు వదిలిస్తుందని జపాన్‌లో యుకాకో ఫుజినాగా బృందం 2010లో కనుగొన్నది. 2014లో ఆ పట్టు నిర్మాణం స్ఫటిక చిత్రంగా వచ్చింది. ఇక్కడా జాతిభేదం ఉంది. మనిషి, పశువు, చిట్టెలుక ప్రోటీన్లను పట్టుకునే బీ-రకం హీమాగ్లుటినిన్ ఎలుక, కోడి ప్రోటీన్లను పట్టుకోదు.

క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిల్: గ్రాహకాల తగువు

యాంటీబయాటిక్ మందులు పేగులోని మంచి బాక్టీరియాలను తుడిచిపెట్టాక ఆ ఖాళీలో పెరిగే జీవి ఇది. దాన్ని 1935లో పసిపిల్లల మలంలో గుర్తించారు. మందుల తర్వాత వచ్చే తీవ్ర పెద్దపేగు వాపుకు ఇదే కారణమని 1978లో తేలింది. 2016 దాకా క్లాస్ట్రీడియం ప్రజాతి పేరుతోనే పిలిచేవారు. దీని విషాలు రెండు, టీసీడీఏ, టీసీడీబీ. రెండూ బాహుబలులే, 308, 270 కిలోడాల్టన్లు.

టీసీడీబీకి గ్రాహకమేది అన్న ప్రశ్నకు రెండేళ్ళలో మూడు జవాబులొచ్చాయి. 2015లో బోర్డెన్ లేసీ బృందం కాకో-2 కణాల్లో జన్యువులను గుడ్డిగా చెడగొట్టుకుంటూ పోయి, బతికి మిగిలినవాటిలో ఏది చెడిందో చూస్తే నెక్టిన్-3 దొరికింది. ఆసంజక సంధిలో క్యాడ్‌హెరిన్‌కు తోడుగా నిలిచే ప్రోటీను అది. అదే ఏడు మరో బృందం హీలా కణాల్లో సీఎస్‌పీజీ4 అనే ప్రోటీనును పట్టుకుంది. 2016లో మిన్ డాంగ్ బృందం క్రిస్పర్ కత్తెరతో జన్యువులన్నిటినీ వరసగా కత్తిరించి ఫ్రిజిల్డ్ అనే ప్రోటీన్లను తేల్చింది. ఇవి పేగు మూలకణాలకు పెరగమని కబురందించే గ్రాహకాలు. మూడూ తప్పు కాదు, మూడింటికీ బరువు ఒకటీ కాదు. హీలా గర్భాశయ ముఖద్వారపు కణం. అక్కడ దొరికిన సీఎస్‌పీజీ4 పెద్దపేగు ఉపకళలో ఉండదు, దాని కింద ఉండే కణాల్లో ఉంటుంది. ఏ కణంలో వెతికితే ఆ కణపు జవాబే దొరుకుతుంది. తర్వాతి సంవత్సరాల్లో కొన్ని వంశాల టీసీడీబీ ఫ్రిజిల్డ్‌ను వదిలి టీఎఫ్‌పీఐ అనే ఇంకో ప్రోటీనును పట్టుకుంటుందని కూడా బయటపడింది.

గ్రాహకం ఏదైనా లోపల జరిగే పని ఒకటే. 1995లో జర్మనీలో ఇంగో యుస్ట్, క్లాస్ అక్టోరీస్ తేల్చినట్టు ఈ విషాలు రో కుటుంబ ప్రోటీన్ల మీద ఒక చక్కెర అణువును అతికిస్తాయి. రో ఆగిపోతే కణం లోపలి యాక్టిన్ తాళ్ళు సడలుతాయి, వాటికి కట్టి ఉన్న సంధులు కూలుతాయి. నెక్టిన్-3 మెట్టు కావచ్చు, ఫ్రిజిల్డ్ మెట్టు కావచ్చు. అతుకు విడిపోయేది మాత్రం లోపలినుంచే.

జీర్ణాశయంలోని హెలికోబ్యాక్టర్ పైలోరీ కూడా అతుకు ప్రోటీన్ల మీద పనిచేసే బాక్టీరియాల జాబితాలోకి వస్తుంది. దాని హెచ్‌టీఆర్‌ఏ ఎంజైము ఈ-క్యాడ్‌హెరిన్‌ను కోస్తుందని 2010లో, దాని హాప్‌క్యూ ప్రోటీను సీయాకామ్ అనే మరో అతుకు కుటుంబాన్ని పట్టుకుంటుందని 2016లో వెల్లడైంది.

కలరా, జాన్యులిన్

1959లో కలకత్తాలో శంభునాథ్ డే, బాక్టీరియా లేకుండా వడకట్టిన కలరా ద్రవాన్ని కుందేలు పేగు ముడిలో ఎక్కించి, నీరు ఊరడం చూపించి, కలరాకు కారణం ఒక విషమని నిరూపించాడు. ఆ విషం ముఖ్యంగా కణం లోపలి సంకేతాలను రెచ్చగొట్టి నీళ్ళు పారిస్తుంది. దాన్ని తీసేసిన టీకా రకాలు కూడా కొద్దిగా విరేచనాలు తెచ్చేవి. ఇంకేదో ఉందని వెతికిన అలెసియో ఫసానో బృందం 1991లో దృఢ సంధిని సడలించే ఇంకో ప్రోటీనును ప్రకటించి జాట్ అని పేరు పెట్టింది. 1996లో మాథ్యూ వాల్డార్, జాన్ మెకాలనోస్ కలరా విషపు జన్యువులు నిజానికి ఒక బాక్టీరియా వైరస్ మోసుకొచ్చినవని చూపారు. జాట్ అసలు ఉద్యోగం ఆ వైరస్‌ను కట్టడంలో ఉంది. దృఢ సంధి మీద పనిచేయడం దానికి రెండో కొలువు అనుకోవాలి. కలరా బాక్టీరియా వదిలే మరో ఎంజైము ఆక్లూడిన్‌ను కోస్తుందని 2000లో వచ్చిన వార్త ఇంతకన్నా సూటిగా ఉంటుంది.

జాట్‌ను పోలినది మన ఒంట్లోనూ ఉండాలన్న ఊహతో ఫసానో 2000లో జాన్యులిన్‌ను ప్రతిపాదించాడు. 2009లో అది హాప్టోగ్లోబిన్-2 అనే రక్త ప్రోటీనుకు ముందు రూపమని ప్రకటించారు. ఇక్కడినుంచి విషయం ప్రయోగశాల దాటింది. 'లీకీ గట్' అన్న మాట తెలుగు ఆరోగ్య వీడియోల్లో కూడా గ్యాస్, అలసట, చర్మం దురద అన్నిటికీ మూలంగా చెలామణి అవుతోంది. నెత్తుట్లో జాన్యులిన్ కొలిచే కిట్లు అమ్ముడుపోతున్నాయి. బజారులో దొరికే అలాంటి కిట్లు హాప్టోగ్లోబిన్ ముందు రూపాన్ని పట్టుకోవడం లేదని, వేరే ప్రోటీన్లను పట్టుకుంటున్నాయని 2018లో ఒక జర్మన్ బృందం పరీక్షించి చూపింది. పేగు గోడ సందులను మనుషుల్లో కొలవాలంటే ఇప్పటికీ మంచి దారి పాతదే. లాక్టులోజ్, మానిటాల్ అనే రెండు చక్కెరలు తాగించి మూత్రంలో వాటి నిష్పత్తి చూడడం. వెల్లూరు సహా, ఎనిమిది దేశాల్లోని ఊళ్ళలో పసిపిల్లల మీద జరిగిన మాల్-ఎడ్ అధ్యయనం వాడింది ఆ పరీక్షనే.

జాట్ కొస ముక్కను అనుకరించి తయారుచేసిన లారజోటైడ్ అనే మందు మాత్రం గంభీరంగానే నడిచింది. గోధుమ పడని సీలియాక్ జబ్బులో పేగు సంధులను బిగిస్తుందన్న ఆశతో మూడో దశ పరీక్ష దాకా వచ్చింది. మధ్యలో లెక్కలు చూసిన నిర్వాహకులు, తేడా తేల్చాలంటే అనుకున్నదానికన్నా చాలా ఎక్కువమందిని చేర్చుకోవాల్సి ఉంటుందని 2022లో ఆ పరీక్షను ఆపేశారు.